నాగరత్నం పెట్టిన పథ్యం

నాగరత్నం కాచే జావ గురించి ముందు చెప్పాలి. బియ్యం దోరగా వేయించి, తిరగట్లో రెండుసార్లు విసిరి, పల్చటి మల్లుగుడ్డలో జల్లించి కాచేది. పప్పు ఉడికించి మెదిపి అదే గుడ్డలో వడకట్టేది. చారు వడకట్టేది. చివరికి మామిడికాయ పచ్చడిలో ఊటని కూడా వడకట్టేది. వడకట్టాక ఒక చుక్క పెదవి లోపల వేసుకుని, పళ్లు గట్టిగా బిగించి, పళ్ల సందుల్లోంచి పీల్చి చూసేది. ఎక్కడైనా ఒక పలుకు తగిలిందా, మళ్లీ మొదలు. తనకి తగలకుండా పోయిందే ఆ ఇంట్లో పిల్లకి పోతుంది.

ఆ పిల్ల పేరు సౌభాగ్య. నాగరత్నానికి మేనకోడలు. సౌభాగ్య నోరు తెరుచుకోదు.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక సందులో వాళ్ల ఇల్లు. ముందు గదిలో తమ్ముడు వామన్‌రావు ట్రంకుపెట్టెలూ హోల్డాళ్లూ అమ్మేవాడు. వెనక రెండు గదుల్లో సంసారం. సౌభాగ్య తల్లి విషజ్వరంతో పోయేనాటికి పిల్లకి పాలపళ్లు కూడా రాలేదు. అప్పటికే భర్త పోయి తమ్ముడి పంచన చేరిన నాగరత్నం ఆ పిల్లని ఒళ్లోకి తీసుకుంది. పిల్ల ఆవలిస్తే నోటి ముందు చిటికెలు వేసేది. ఏ తల్లి అయినా వేస్తుంది. నాగరత్నం మాత్రం గట్టిగా, ముందు గదిలో ఉన్న గిరాకీకి వినబడేటట్టు వేసేది. ఈ పిల్ల నాది అని చెప్పుకోవడానికి ఆమెకి దొరికిన దారి అదొక్కటే కావచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజున ఆబిడ్స్‌లో దీపాలు పెట్టారు. చూద్దామని సౌభాగ్య మేడమెట్ల మీద పరిగెత్తి, గడ్డం రాతికి కొట్టుకునేటట్టు పడింది. అప్పుడు దానికి ఐదేళ్లు. నాగరత్నం గాయం నిండా పసుపు అద్ది, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి గుడ్డ బిగించి కట్టింది. గాయం ఇట్టే మానిపోయింది. నోరు మాత్రం రోజురోజుకీ తక్కువగా తెరుచుకోసాగింది. ముందు ముద్ద పట్టలేదు, తర్వాత వేలు పట్టలేదు, ఆ తర్వాత ఏదీ పట్టలేదు. ఊళ్లో రెండు ప్రాంతాలు అతుక్కున్నాయని సంబరం చేసుకున్న ఏడాదే ఆ ఇంట్లో చిన్నపిల్ల చెవి ముందు రెండు ఎముకలు అతుక్కోవడం మొదలైంది. మొదటిదాని గురించి పేపర్లు రాశాయి. రెండోదాన్ని వైద్యుడు దిష్టి అన్నాడు, మంత్రగాడు గాలి అన్నాడు. చుట్టాలు ఇంటికి వచ్చి, ‘అయ్యో’ అని, టీ తాగి, వెళ్లేటప్పుడు పిల్ల మొహం ఒకసారి ఎగాదిగా చూసి వెళ్లారు.

ఒక ముందు పన్ను పీకించారు. ఆ సందులోంచి పోసిన జావతోనే పిల్ల బతికింది. పై దవడ పెరిగింది; కింది దవడ పెరగక గడ్డం మెడలోకి జారిపోయింది. మాట పళ్ల వెనక నుంచి గొణుగులా వచ్చేది, అది అర్థమయ్యేది మేనత్తకి ఒక్కదానికే. బడికి పోతే పిల్లలు పళ్లు బిగించి దానిలా మాట్లాడి నవ్వారు, అంతటితో చదువు ఇంట్లోకి మారింది. ఆవలింత వచ్చినప్పుడు సౌభాగ్య ముక్కుపుటాలు వణికేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి, నోరు మాత్రం కదిలేది కాదు. నాగరత్నం చెయ్యి అలవాటుగా లేచి, సగంలో ఆగి, కొంగు సర్దుకునేది.

ఇలా తొమ్మిదేళ్లు గడిచాక, గన్‌ఫౌండ్రీలో ఒక ట్రస్టు దవాఖానకి కోస్తా నుంచి సోమయాజులు అనే డాక్టరు వచ్చాడనీ, బిగుసుకుపోయిన దవడలు కోసి తెరుస్తాడనీ వామన్‌రావుకి ఎవరో చెప్పారు. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. సౌభాగ్యని చూసి అయ్యో అనలేదు. చెవి ముందు వేళ్లు పెట్టి, దవడ కదిలించమని, కళ్లు మూసుకుని విన్నాడు.

‘‘ఇక్కడ కీలు ఉండాలమ్మా. ఇప్పుడు కీలు లేదు, ఎముక ముద్ద ఉంది. అది కోసి మధ్యలో ఖాళీ చేస్తాను. అంతే.’’

‘‘అంతేనా సార్?’’ అంది నాగరత్నం.

‘‘చెప్పడానికి అంతే. చెయ్యడానికి నాకూ భయమే.’’

ఆపరేషన్ అయిన మర్నాడు వార్డులో డాక్టరు పిల్ల గడ్డం పట్టుకుని, ‘‘నోరు తెరు తల్లీ’’ అన్నాడు. సౌభాగ్యకి తెరవడం అంటే ఏమిటో గుర్తు లేదు. కనుబొమలు ఎత్తింది. మెడ చాపింది. డాక్టరు వేలితో మెల్లిగా కిందికి నొక్కాడు. నోరు తెరుచుకుంది.

లోపల నాలుక కనబడింది.

నాగరత్నం మంచం కోడు పట్టుకుంది. తొమ్మిదేళ్లుగా ఆ నోటికి మూడుపూటలా తిండి పోసింది తను. ఆ నోట్లోంచి వచ్చే ప్రతి గొణుగునీ మాటగా మార్చుకుంది తను. ఆ నాలుకని మాత్రం చూడలేదు. ఎర్రగా, తడిగా, భయపడ్డ చిన్న ప్రాణిలా అది లోపల కదులుతోంది. అది పెరిగి పెద్దదైంది. ఎవరూ చూడకుండా, చీకట్లో, దాని మానాన అది పెరిగింది. నాగరత్నం చేతులు జోడించింది. డాక్టరుకి అనుకున్నాడు పక్కమంచం వాడు. ఆమె జోడించింది ఆ నాలుకకి.

ఇంటికి తెచ్చాక ఎవరూ చెప్పనక్కరలేకుండా పథ్యం మొదలైంది. పచ్చి పుండు, ఎముక కోసిన చోటు. గాలి తగలకూడదు, మాట్లాడకూడదు, నమలకూడదు. నాగరత్నం పాత గుడ్డ తీసి గడ్డం కింద నుంచి నెత్తి మీదికి కట్టింది. జావ ఇంకా పల్చన చేసింది. సౌభాగ్య ఏదో అడగబోతే, ‘‘మాట్లాడకు బిడ్డా, కుట్లు తెగుతయ్’’ అని పెదాల మీద వేలు పెట్టింది. డాక్టరు ఇచ్చిన చీటీ మీద కూడా మెత్తటి ఆహారం, విశ్రాంతి అనే రాసి ఉంది. ఇంత ఒద్దికగా పథ్యం చేసిన ఇల్లు నాంపల్లిలో లేదని చుట్టుపక్కల ఆడవాళ్లు మెచ్చుకున్నారు.

ఆరు నెలలు తిరిగేసరికి నోరు మళ్లీ మూతపడింది.

వామన్‌రావు డాక్టర్ని తిట్టాడు. ఆంధ్రోళ్లు వచ్చి మన పిల్లల మీద పని నేర్చుకుంటున్నారని దుకాణంలో అరిచాడు. నాగరత్నం మల్లుగుడ్డ ఉతికి ఆరేసింది.

సోమయాజులు మాత్రం ఊరుకోలేదు. మూతపడింది సౌభాగ్య నోరొక్కటే కాదు. అతను తెరిచిన నోళ్లలో చాలావరకు మళ్లీ మూతపడుతున్నాయి. కొందరికి ఎముక సన్నగా కోశాడు, కొందరికి వెడల్పుగా కోశాడు. ఎంత వెడల్పు కోస్తే మళ్లీ అతుక్కోదో తేల్చాలని అతని పట్టుదల. ఒక ఆదివారం పొద్దున రమ్మని, అంతవరకు తాను కోసినవాళ్లందరికీ కార్డులు రాశాడు. రానుపోను ఖర్చులు తనే పెట్టుకుంటానన్నాడు. వామన్‌రావు రానన్నాడు. నాగరత్నం పిల్లని తీసుకుని వెళ్లింది.

దవాఖాన వరండాలో బెంచీల నిండా మనుషులు. అందరివీ ఒకే రకం మొహాలు. మెడలోకి జారిన గడ్డాలు, ఒకవైపు వంకర. సౌభాగ్య తనలాంటి మొహాన్ని అద్దంలో తప్ప ఎక్కడా చూడలేదు. మేనత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు ఒక్కొక్కళ్లనీ బల్ల ముందు కూర్చోబెట్టి, పళ్ల మధ్య స్కేలు పెట్టి కొలిచి, ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. వెడల్పుగా కోసినవాళ్లవి మూతపడి ఉన్నాయి. అతని లెక్క తప్పుతోంది. అప్పుడు ఎర్రచొక్కా వేసుకుని, దండకి ఇత్తడి బిళ్ల కట్టుకున్న కూలీ ఒకడు వచ్చి కూర్చున్నాడు. నాంపల్లి స్టేషన్లో మూటలు మోసే దుర్గయ్య. చిన్నప్పుడు చెవిలో చీము పట్టి దవడ బిగిసినవాడు. డాక్టరు ఈ ఊళ్లో కోసిన మొదటివాళ్లలో ఒకడు. భయపడుతూ, సన్నగా కోసిన కేసు.

‘‘తెరవవోయ్.’’

దుర్గయ్య తెరిచాడు. డాక్టరు స్కేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. వార్డు నర్సు కమలకుమారి పక్క నుంచి తొంగి చూసి, ‘‘ఇదేంటండీ, బొగ్గు ఇంజను పొయ్యిలా తెరిచాడు!’’ అంది.

‘‘ఆపరేషన్ అయ్యాక ఏం తిన్నావు నువ్వు?’’ అన్నాడు డాక్టరు.

‘‘ఏం తింట సార్, దొరికింది తిన్న. మంచం ఖాళీ చెయ్యమన్నరు, స్టేషన్‌కు వోయిన. పల్లీలు తిన్న. ఎండిన రొట్టె తిన్న.’’

‘‘నొప్పి పుట్టలేదూ?’’

‘‘ఎందుకు పుట్టలే? పానం వోయినట్టు నొచ్చింది. గని ఆకలి గూడ గంతే ఉండె.’’

‘‘జావ కాచి ఇచ్చేవాళ్లు లేరా ఇంట్లో?’’

‘‘ఇల్లే లేదు సార్. బండి వచ్చినప్పుడు కూలీ కూలీ అని ఒర్రకపోతే నన్ను పిలిచెటోడే లేడు, జావ ఎవరు కాస్తరు?’’

వరండాలో కొందరు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. కొలత పక్కన పెట్టి, అంతకుముందు చూసిన వాళ్లని మళ్లీ పిలిచాడు. ఈసారి స్కేలు తియ్యలేదు. ఏం తిన్నారు, ఎవరు పెట్టారు, ఎన్నాళ్లు మాట్లాడలేదు? అవే ప్రశ్నలు. రాజమండ్రి నుంచి వచ్చి అఫ్జల్‌గంజ్‌లో బట్టల కొట్టు పెట్టుకున్న ఒకాయన, తన భార్య ఏడాదిపాటు పాలూ పళ్లరసం తప్ప ఇవ్వలేదని గర్వంగా చెప్పాడు. నోరు మూత. ఒక ముసలామె తన మనవడిని గాలి తగలకుండా మూడు నెలలు గదిలో ఉంచానంది. మూత. ఎవరూ లేక, ఇళ్లలో అంట్లు తోముకుంటూ అన్నం మెతుకులూ మాడుచెక్కలూ నమిలిన ఒక విధవరాలి నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

నాగరత్నం బెంచీ మీద కూర్చుని వింటోంది. తన వంతు ఇంకా రాలేదు. వచ్చాక ఏం చెప్పాలి? రెండుసార్లు విసిరానని చెప్పాలా, రెండుసార్లు వడకట్టానని చెప్పాలా? గుడ్డ ఎంత బిగించి కట్టిందో చెప్పాలా? పడిన రోజున కట్టిన గుడ్డ గురించి కూడా చెప్పాలా?

డాక్టరు ఆమె దగ్గరికే నడిచి వచ్చాడు. ఆమె లేచి నిలబడింది. అతను అడగకముందే అంది:

‘‘నేను మూసిన సార్. నా చేత్తోని నేనే మూసిన.’’

అక్కడున్న వాళ్లందరూ అతన్ని చూస్తున్నారు. సర్కారు కచేరీల్లో, కాలేజీల్లో, కోర్టుల్లో ఇలాంటి గడియ వస్తే పెద్దమనుషులు ఏం చేస్తారో ఈ ఊరికి బాగా తెలుసు. గొంతు సవరించుకుని, జనం అజ్ఞానం గురించి నాలుగు మాటలు చెప్పి, కారెక్కుతారు. సోమయాజులు కళ్లజోడు తీశాడు.

‘‘కాదమ్మా. మెత్తటి ఆహారం, విశ్రాంతి అని రాసిన చెయ్యి నాది. నేను చదివిన చదువు అదే చెప్పింది, నేను అదే రాశాను. ఇన్నేళ్లు నేను ఎముకనే చూశాను. ఇంటికెళ్లాక ఆ నోరు ఏం చేస్తోందని ఒక్కర్ని కూడా అడగలేదు. మీరు ప్రేమగా చేశారు. తప్పు నాది.’’

నాగరత్నం అతని మొహం వైపే చూస్తూ నిలబడింది. ఆమె బతుకులో ఏ మగవాడూ, అందునా చదువుకున్నవాడు, పదిమంది ముందు తప్పు నాదని అనగా వినలేదు. ఒక మనిషి అంత మాట అని, ఇంకా నిటారుగా నిలబడగలడని ఆమెకి ఆ రోజే తెలిసింది.

‘‘మళ్లీ కోస్తరా సార్?’’ అంది.

‘‘కొయ్యగలను. ఈసారి అందరికీ కోత ఒకేలా కోస్తాను, తర్వాత చూసుకునే పద్ధతి మారుస్తాను. పథ్యం లేదు. నమలాలి, అరవాలి, ప్రతిరోజూ బలవంతంగా నోరు తెరిపించాలి. దీనివల్ల నిలుస్తుందని నా అనుమానం మాత్రమేనండి, రుజువు లేదు. రుజువు కోసమే ఈ పరిశోధన. ఈసారీ మూతపడితే ఎముక ముద్ద ఇంకా పెద్దదవుతుంది. మూడోసారి నేను ముట్టుకోలేను. ఇంకెవరూ ముట్టుకోలేరు.’’ సౌభాగ్య వైపు తిరిగాడు. ‘‘నోరు నీది. నువ్వు చెప్పు.’’

సౌభాగ్య మేనత్త వైపు చూడలేదు. పళ్ల వెనక నుంచి ఒక మాట అంది. దాన్ని అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పడం నాగరత్నం వంతు.

‘‘చెయ్యిన్రి అంటున్నది.’’

ఆపరేషన్ అయింది. నోరు తెరుచుకుంది. నాగరత్నం మళ్లీ నాలుకని చూసింది, ఈసారి చేతులు జోడించలేదు. పని ముందుందని ఆమెకి తెలుసు.

నోరు తెరిపించడానికి డాక్టరు చూపించిన పనిముట్టు పలచటి చెక్క బద్దలు. కొన్ని ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టాలి, అలవాటు పడ్డాక మధ్యలోకి ఇంకొకటి దూర్చాలి. దవాఖానలో ఉన్నవి అయిపోయాయి. కమలకుమారి అంది, ‘‘మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం చెంచాలుంటాయి కదమ్మా, చెక్కవి, బల్లపరుపువి, అవి తెచ్చుకోండి.’’

నాగరత్నం వెళ్లి అడిగితే ఐస్‌క్రీం దుకాణంవాడు వింతగా చూశాడు.

‘‘ఐస్‌క్రీం వద్దు, ఉత్త చెంచాలు కావాల్నా? ఏం జేస్తవమ్మా గివితోని?’’

‘‘మా బిడ్డ నోట్లె పెడ్త.’’

‘‘ఉత్త చెంచానా? జర ఐస్‌క్రీం గూడ పెట్టు తల్లీ, గింత పిసినారితనమా?’’

‘‘నువ్వు చెంచాలియ్యి. ఐస్‌క్రీం అదే వచ్చి తింటది,’’ అంది నాగరత్నం. మాట నోరు జారాక ఆమెకే భయం వేసింది.

ఇంట్లో మొదటిరోజే సౌభాగ్య కేక వేసింది. ముందు గదిలో గిరాకీతో మాట్లాడుతున్న వామన్‌రావు లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

‘‘అక్కా! బిడ్డను సంపుతవా ఏంది?’’

‘‘నువ్వు దుకాణంల కూసో తమ్మీ.’’

‘‘రక్తం వస్తున్నది కనవడ్త లేదా? ఆ డాక్టరుకేంది, ఆయన లెక్కలు ఆయనకు గావాలె. మన పిల్లనే దొరికిందా ఆయనకు?’’

సౌభాగ్య కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెంచాలు ఉమ్మేసి అంది. ఆ మాట ఈసారి ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేకుండా అందరికీ తెలిసింది. ‘‘నువ్వు నా అత్తమ్మవు గావు.’’

నాగరత్నం ఆ రోజు ఇంకో చెంచా దూర్చలేదు. మర్నాడూ దూర్చలేదు. సందులో ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి, తల్లి ఉంటే ఇలా చేస్తుందా, రాచ్చసి అన్నారు. ఒద్దికగా పథ్యం చేసిందని మెచ్చుకున్న నోళ్లే అవి. వాటికి ఏ పథ్యమూ అక్కర్లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

వారం తర్వాత డాక్టరు స్కేలు పెట్టి చూశాడు. తగ్గింది.

‘‘ఆపేశారు కదూ?’’

‘‘బిడ్డ ఏడ్సింది సార్. నాతోని గాలే.’’

డాక్టరు కోప్పడలేదు. సౌభాగ్య వైపు చూసి అన్నాడు: ‘‘ఏడవనివ్వండి. ఏడవడానికి కూడా నోరు కావాలి కదమ్మా.’’

ఇంటికి వచ్చేదారిలో ఆబిడ్స్ పోస్టాఫీసు దాటేవరకు ఆ మాట నాగరత్నానికి అర్థం కాలేదు. దాటాక కాళ్లు ఆగిపోయాయి. ఈ పిల్ల తొమ్మిదేళ్లు ఎలా ఏడ్చింది? ముక్కుతో ఏడ్చింది. పళ్లు బిగించి, మెడనరాలు ఉబ్బి, శబ్దం లోపలే తిరిగి తిరిగి చచ్చేలా ఏడ్చింది. మొన్న వేసిన కేక అలాంటిది కాదు. ముందు గది దాకా, సందు దాకా వినబడిన కేక. ఆ శబ్దం పుట్టిందే ఇప్పుడు. దాన్ని విని తను బెదిరి ఆపేసింది, నోరు నొక్కేసింది, మళ్లీ గుడ్డ కట్టినట్టే.

ఆ సాయంత్రం చెంచాలు రెండు కట్టలు కట్టింది. ఒకటి సౌభాగ్య చేతిలో పెట్టింది. రెండోది తన పళ్ల మధ్య దూర్చుకుంది. ఆమెకి సగం పళ్లు ఊగుతున్నాయి. దవడ కలుక్కుమంది, కళ్ల వెంట నీళ్లు వచ్చాయి, గడ్డం మీదికి చొంగ కారింది. అయినా తియ్యలేదు. తీసుకో అన్నట్టు పిల్ల వైపు కనుబొమలు ఎత్తింది. సౌభాగ్య చాలాసేపు చూసింది. తర్వాత తన కట్టని తనే పెట్టుకుంది, తనే ఇంకొకటి మధ్యలోకి నెట్టింది, కెవ్వుమంది. నాగరత్నం కూడా నెట్టుకుని కెవ్వుమంది. వామన్‌రావు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఇద్దరాడవాళ్లు ఎదురెదురుగా నోళ్లు తెరుచుకుని, చెంచాలు కరుచుకుని, ఏడుస్తూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

‘‘ఏంది గిది? ఇద్దరికీ పిచ్చి లేసిందా?’’

సౌభాగ్యకి నవ్వొచ్చింది. నవ్వు పెదాల దగ్గర ఆగకుండా నోరంతా పాకింది. చెంచాలు జారి కిందపడ్డాయి. నవ్వు ఆగలేదు. వామన్‌రావు కూతురి కొండనాలుక చూశాడు. వెళ్లి దుకాణంలో కూర్చున్నాడు. ఒక గిరాకీ ట్రంకుపెట్టె ధర అడిగితే చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో జావ కాగలేదు. మల్లుగుడ్డ పొయ్యి మీద గిన్నెలు దింపే మసిగుడ్డ అయింది. నాగరత్నం జొన్నరొట్టె కాల్చి ఎండబెట్టి పెట్టేది. దుర్గయ్య స్టేషన్ నుంచి పల్లీల పొట్లం తెచ్చి గుమ్మంలో కూర్చుని, ‘‘ఒర్రు బిడ్డా, కూలీ అని ఒర్రు, బండి ఆగాలె’’ అనేవాడు. సౌభాగ్య సిగ్గుపడుతూనే అరిచేది. కొన్ని రోజులు కొలత పెరిగేది, కొన్ని రోజులు తగ్గేది. తగ్గిన రోజు నాగరత్నం ఇంకో రెండు రొట్టెలు ఎండబెట్టేది. ఆపరేషన్ చేసిన కొత్తవాళ్ల ఇంటివాళ్లని డాక్టరు ఇక్కడికే పంపడం మొదలుపెట్టాడు. పిల్లని చూసి జాలిపడి బద్దలు పక్కన పడేసిన తల్లులు వచ్చేవారు. నాగరత్నం వాళ్ల చేతుల్లో చెంచాల కట్ట పెట్టి, ‘‘నీ నోట్లె పెట్టుకో ముందుగాల’’ అనేది. మూతపడుతుందో నిలుస్తుందో తనకే తెలియని రోజులు అవి. తెలియకుండానే అంత ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకునేదో చూసినవాళ్లకి అంతుపట్టేది కాదు.

మొదటిసారి మూతపడడానికి పట్టింది ఆరు నెలలు. అందుకని డాక్టరు రెండోసారి ఏడాది ఆగాడు. ఏడాది నిండాక చివరి కొలత అన్నాడు. ఎముక మళ్లీ పెరగడం మొదలైతే ఈపాటికి తెలిసిపోతుందన్నాడు. బొంబాయి నుంచి వచ్చిన ఇద్దరు పెద్ద డాక్టర్లు కూడా చూస్తారట.

ఆ రోజు వరండాలో అదే బెంచీ. పెద్ద డాక్టర్లు వచ్చారు, కాఫీ తాగారు, లోపల ఏదో వాదించుకున్నారు, మళ్లీ కాఫీ తెప్పించుకున్నారు. రోగుల మధ్యాహ్నాలకి విలువ కట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఎండ బెంచీ దాకా పాకింది. వామన్‌రావు కూడా దుకాణం మూసి వచ్చాడు. ఒకచోట నిలబడలేక గేటు దాకా వెళ్లి వస్తున్నాడు. నాగరత్నం కొంగు మెలిపెడుతూ తలుపు వైపే చూస్తోంది. రెండు రోజులుగా దవడ బిగుతుగా ఉందని సౌభాగ్య అంది. అది ఎముకా, లేక ఉత్త అలసటా? తలుపు తెరుచుకుంటే తెలుస్తుంది. తెరుచుకోకపోయినా బాగుండు అనిపించింది ఆమెకి.

పొద్దుటి నుంచి కూర్చుని కూర్చుని సౌభాగ్యకి కునుకు పట్టింది. తల గోడకి ఆనించింది. ముక్కుపుటాలు వణికాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాగరత్నానికి ఆ వణుకు తెలుసు. అక్కడే ఆగిపోతుందని తెలుసు. నోరు తెరుచుకున్న ఈ ఏడాదిలోనూ ఆవలింత పాత అలవాటున పళ్ల దగ్గరే ఆగిపోయేది.

ఆగలేదు. కింది దవడ దిగింది. ఇంకా దిగింది. పెదాలు విచ్చుకున్నాయి, పళ్లు విడిపోయాయి, నాలుక వెనక్కి ముడుచుకుంది, గొంతు దాకా కనబడింది. ఎవరూ చెంచా పెట్టలేదు, ఎవరూ వేలితో నొక్కలేదు, తెరవమని అడగలేదు. ఒంట్లోని బద్ధకమంతా పోగై, ఎంత కావాలో అంత గాలి తీసుకుని, ‘‘ఆ...’’ అంటూ నిండుగా, నిదానంగా బయటికి వచ్చింది. పదకొండేళ్లుగా ఆ ఒంట్లో ఇరుక్కుపోయిన ఆవలింత.

నాగరత్నం చెయ్యి లేచింది. సగంలో ఆగలేదు. సౌభాగ్య నోటి ముందు చిటికె వేసింది. మళ్లీ వేసింది. పక్కబెంచీ మీద కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి చూసేటంత గట్టిగా, గేటు దగ్గరున్న వామన్‌రావు వెనక్కి తిరిగేటంత గట్టిగా వేసింది.

తలుపు తెరుచుకుంది. స్కేలు పట్టుకుని డాక్టరు గడపలో నిలబడ్డాడు. అతని భుజాల మీదుగా బొంబాయి డాక్టర్లు చూస్తున్నారు.

సౌభాగ్య కళ్లు నులుముకుని, తన మొహం ముందు ఆడుతున్న వేళ్లని చూసింది. పదహారేళ్ల పిల్లకి ఎవరూ చిటికెలు వెయ్యరు.

‘‘ఏందత్తమ్మా?’’

‘‘ఏం లేదు బిడ్డా,’’ అంది నాగరత్నం. ఆవలింత ఎప్పుడో అయిపోయింది. ఆమె మాత్రం చిటికెలు వేస్తూనే ఉంది.